అన్న పేరును రాతి మీద చెక్కించిన తమ్ముడు: పంప మహాకవి కథ, నా పాట కథ



పోయిన వీడియోలో వేములవాడ గురించి చెప్తూ పంప మహాకవి పేరు ఒక్కసారి అని ముందుకు వెళ్ళిపోయాను. కన్నడ కవికి మన వేములవాడతో ఏం పని అని చాలా మంది అడిగారు. ఇంకో ప్రశ్న ఎప్పటి నుంచో వస్తూనే ఉంది. సొంతంగా భక్తి పాటలు రాసుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతారు: దేవుడి పాటకు కాపీరైట్ తీసుకోవడం తప్పా? రిజిస్టర్ చేయించాలా, అక్కర్లేదా? వేరు వేరుగా జవాబు రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే రెండూ ఒకే గుట్ట దగ్గరికి వెళ్ళి ఆగాయి. ఆ గుట్ట కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాలలో ఉంది. బొమ్మలగుట్ట అంటారు.

ముందు నేను ఆ గుట్ట దాకా ఎందుకు వెళ్ళానో చెప్తాను.

బాపమ్మ చరణం

మాది కోరుట్ల. అమ్మ బీడీలు చేసేది. బాపు సిరిసిల్లలో సాంచెల మీద పనిచేసి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. చిన్నబాపు దుబాయ్ పోయి చాలా ఏండ్లు రాలేదు. మా వైపు ప్రతి వాడలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. కొడుకు క్షేమంగా తిరిగొస్తే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని బాపమ్మ మొక్కుకుంది. చిన్నబాపు వచ్చిన రోజు అందరం బస్సెక్కి వేములవాడ పోయాం. ధర్మగుండంలో స్నానం చేసి, తడి చీరతోనే కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరిగింది. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. పగ్గం మాత్రం గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు మీదే నేను పాట రాశాను. మూడు చరణాలు. చివరి చరణం పూర్తిగా బాపమ్మదే. జగిత్యాలలో ఉండే నా దోస్తు దానికి బాణీ కట్టాడు.

నోటుబుక్కులో రాసుకున్నాను, ఫోన్లో పాడి రికార్డు చేశాను, జాతరలో పాడతామని అడిగిన వాళ్ళకు సంతోషంగా పంపించాను. కాగితం ఏమీ రాసుకోలేదు. దేవుడి పాటకు కాగితాలేంటి అనుకున్నాను.

కొన్ని నెలలకు ఆ పాట వీడియోగా వచ్చింది. రచన అని వేరే పేరు వేశారు. దాన్ని ఎలాగో మింగేవాణ్ణి. కానీ మూడో చరణం లేదు. బాపమ్మ ఉన్న చోట జాతరకు డబ్బులిచ్చిన పెద్దమనిషి పొగడ్త ఉంది. ఫోన్ చేస్తే, పాట నీదేనని రుజువేంటి అని అడిగారు. పాత ఫోన్ అప్పటికే పాడైపోయింది. నోటుబుక్కులో తేదీ లేదు.

బాపుకు చెప్తే, సాంచె మీద ఎన్ని వేల మీటర్లు నేసినా బట్ట మీద నేసినవాడి పేరు ఉండదు, పాటకూ అంతే అనుకో అన్నాడు. ఓదార్పుకే అన్నాడు. నాకు మాత్రం ఇంకా బరువైంది. ఆ రోజుల్లోనే కరీంనగర్ పోతూ గంగాధర దగ్గర దిగి, ఎప్పుడో పుస్తకంలో చదివిన ఆ గుట్ట చూద్దామని కురిక్యాల వెళ్ళాను. రాతి మీద చెక్కిన దేవతామూర్తి, తీర్థంకరులు, దగ్గరలోనే పాత అక్షరాలు. అక్షరాలు నేను చదవలేను. ఏముందో ముందే చదివి వెళ్ళాను కాబట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వెయ్యేళ్ళ కింద ఒక తమ్ముడు తన అన్న కవి అని, ఆ కవికి ఏం దక్కిందో లోకానికి తెలియాలని, ఆ బండ మీద రాయించాడు.

ఆ అన్న పంప మహాకవి.

వేంగి మూలం, కన్నడ కలం, వేములవాడ కొలువు

పంపడు 902లో పుట్టాడు. కన్నడ వాళ్ళు ఆయన్ని ఆదికవి అని కొలుస్తారు. మనం నన్నయను తలుచుకున్నట్టు వాళ్ళు పంపణ్ణి తలుచుకుంటారు. నన్నయ కంటే సుమారు 100 ఏళ్ళు ముందువాడు. కానీ ఆయన వంశం మూలాలు మన వైపే ఉన్నాయి. పూర్వీకులది వేంగినాడు. వైదిక బ్రాహ్మణ కుటుంబం, యజ్ఞాలు చేసిన వంశం. తండ్రి భీమపయ్య జైనాన్ని స్వీకరించాడు. తల్లి అబ్బణబ్బె పుట్టింటి వైపు వాళ్ళది అణ్ణిగేరి, అంటే నేటి ధార్వాడ జిల్లా. తల్లి వైపు నుంచి కన్నడ, తండ్రి వైపు నుంచి వేంగి. కొలువు చేసింది తెలంగాణలో. ఒక మనిషిలో ఇన్ని నేలలు కలిశాయి.

అప్పట్లో వేములవాడ చిన్న ఊరు కాదు. రాష్ట్రకూటులకు సామంతులుగా ఉన్న చాళుక్యుల రాజధాని. ఈ చాళుక్యుల్ని చరిత్రలో వేములవాడ చాళుక్యులనే అంటారు. వాళ్ళలో రెండో అరికేసరి ఆస్థానంలో పంపడు కవి. ఉత్త కవి కాదు, కత్తి పట్టిన మనిషి కూడా. కలం, కత్తి రెండూ తెలిసినవాడు కాబట్టే ఆయన యుద్ధ వర్ణనలకు అంత పేరు వచ్చిందని పండితులు అంటారు.

ఆయన రాసినవాటిలో మనకు దక్కినవి రెండు కావ్యాలు. మొదటిది ఆదిపురాణం, మొదటి తీర్థంకరుడు ఋషభనాథుడి కథ. ఇది శకం 863లో, అంటే 941లో పూర్తయింది. రెండోది విక్రమార్జున విజయం. దీన్నే పంప భారతం అంటారు. మొదటిది మూడు నెలల్లో, రెండోది ఆరు నెలల్లో ముగించానని ఆయనే చెప్పుకున్నాడు. ఒకటి తన మతం కోసం, ఇంకొకటి లోకం కోసం రాశాడని ఆయన అభిమానులు ఇప్పటికీ అనుకుంటారు. జైనుడైన కవి మన భారతాన్ని ప్రాణం పెట్టి రాశాడు. ఇది మన వాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి.

వ్యాసుడి కథ, పంపడి కావ్యం

ఇక్కడ కాస్త ఆగుదాం. పాటలు రాసే వాళ్ళకు ఇది చాలా ముఖ్యం.

భారతం కథ పంపడిది కాదు. అది వ్యాసుడిది, అంటే అందరిదీ. పంపడు దాన్ని తీసుకుని తనదైన కావ్యం చేశాడు. అర్జునుణ్ణి నాయకుణ్ణి చేశాడు. తన రాజు అరికేసరిని ఆ అర్జునుడితో కలిపేసి, ఇద్దరూ ఒక్కరే అన్నట్టు నడిపించాడు. ఆయన భారతంలో ద్రౌపది ఐదుగురి భార్య కాదు, అర్జునుడి భార్య మాత్రమే. చివర పట్టాభిషేకం అర్జునుడికి జరుగుతుంది, పక్కన సుభద్ర కూర్చుంటుంది. ఇన్ని మార్పులు చేసినా, కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి కవి మనసు ఆగలేదు. నాయకుడికి శత్రువైనా సరే, కర్ణుడి త్యాగాన్ని, మాట మీద నిలబడ్డ తీరును అందరికంటే ఎత్తున నిలబెట్టాడు. పంపడి కర్ణుణ్ణి తలుచుకోని కన్నడ సాహిత్యాభిమాని ఉండడు.

కథ అందరిదీ, చెప్పిన తీరు ఆయనది. వెయ్యేళ్ళ తర్వాత మన కాపీరైట్ చట్టం కూడా సరిగ్గా ఈ గీత మీదే నిలబడింది. రాజన్న కథ మీద, నరసింహస్వామి అవతారం మీద, కోడె మొక్కు అనే ఆచారం మీద ఎవరికీ హక్కు ఉండదు. భావం మీద హక్కు లేదు. నువ్వు కూర్చిన మాటల మీద ఉంది. నువ్వు కట్టిన బాణీ మీద ఉంది.

పంపడు కూడా తన కావ్యంలో రాజును పొగిడాడు కదా, మరి నా పాటలో పెద్దమనిషి పొగడ్త వస్తే నాకెందుకు బాధ? ఈ ప్రశ్న నన్ను కొన్ని రోజులు పీకింది. జవాబు సులువే. పంపడి కావ్యంలో ఆ పొగడ్త పంపడే పెట్టాడు, పక్కన తన పేరు కూడా పెట్టుకున్నాడు. నా పాటలో నన్ను అడక్కుండా మా బాపమ్మను తీసి ఇంకొకరిని కూర్చోబెట్టారు.

అగ్రహారం, చెరువు, శాసనం

భారతం విని అరికేసరి సంతోషించి పంపడికి ధర్మపురం అనే అగ్రహారం ఇచ్చాడు. అది మన జగిత్యాల జిల్లాలో గోదారి ఒడ్డున ఉన్న ధర్మపురే అని చాలా మంది చెప్తారు. ఇప్పటి మాటల్లో అగ్రహారాన్ని కవికి దక్కిన రాయల్టీ అనుకోండి. ఒకసారి చేతిలో పెట్టి పంపించే సంభావన కాదు. తరతరాలు తినే ఆదాయం.

ఆ సంగతి పంపడు తన కావ్యంలో రాసుకున్నాడు. అక్కడితో ఆగిపోతే అది తాళపత్రాల్లో ఉండే మాట. తాళపత్రాలు చెదలు తింటాయి. ఎత్తి రాసేవాడు ఒక పద్యం వదిలేయొచ్చు, ఒక పేరు మార్చేయొచ్చు.

ఇక్కడే తమ్ముడు జినవల్లభుడు వస్తాడు. సుమారు 945 ప్రాంతంలో కురిక్యాల గుట్ట మీద జైన మూర్తుల్ని, చక్రేశ్వరీ దేవిని చెక్కించాడు. త్రిభువనతిలకం అనే బసది కట్టించాడు. మదనవిలాసం అనే తోట వేయించాడు. ఒక చెరువు తవ్వించి దానికి కవితాగుణార్ణవం అని పేరు పెట్టాడు. కవితాగుణార్ణవుడు అనేది అన్న బిరుదు. అంటే ఊరి వాళ్ళు నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఆ కవి పేరు నోట్లో పలికేటట్టు ఏర్పాటు చేశాడు. ఎంత ప్రేమ ఉంటే ఇలాంటి ఆలోచన వస్తుందో చూడండి.

ఇవన్నీ చేసి శాసనం వేయించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో. అందులో తెలుగు భాగం మూడు కంద పద్యాలు. మనకు దొరికిన కందాల్లో ఇవే పాతవని చెప్తారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ శాసనం పేరు గట్టిగా వినిపించింది అందుకే. అన్న కన్నడ ఆదికవి అయ్యాడు. తమ్ముడి రాయి తెలుగు పద్యానికి పుట్టిన రోజు సర్టిఫికెట్ అయ్యింది.

ఆ శాసనంలో ఏమేం ఉన్నాయి? వంశం ఉంది, గోత్రం ఉంది, తండ్రి పేరు, తల్లి పేరు ఉన్నాయి. అన్న కవి అని, భారతం రాశాడని, రాజు అగ్రహారం ఇచ్చాడని ఉంది. అబ్బణబ్బె అనే ఆ తల్లి పేరు మనకు ఇవాళ తెలుసు అంటే చిన్న కొడుకు రాయించిన ఆ అక్షరాల వల్లే. అది చదివినప్పుడు నాకు బాపమ్మ గుర్తొచ్చింది.

పేరు రాయకపోతే ఏమవుతుంది

పేరు రాసి పెట్టకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా వేములవాడ చుట్టూనే ఉంది. తెలుగులో మొట్టమొదటి ఛందస్సు పుస్తకం కవిజనాశ్రయం. మల్లియ రేచన రాశాడు. కానీ చాలా కాలం అది వేములవాడ భీమకవి రాసిందనే జనం అనుకున్నారు. భీమకవి పేరు మీద మహిమల కథలు చాలా ఉన్నాయి. ఆయన తిడితే శాపం, పొగిడితే వరం అని చెప్పుకుంటారు. పేరున్నవాడి ఖాతాలోకి పేరులేనివాడి పుస్తకం వెళ్ళిపోయింది. తర్వాత పరిశోధకులు కూర్చుని, లోపలి ఆధారాలు చూసి, రేచన పేరు బయటికి తెచ్చారు. ఇందులో భీమకవి తప్పేమీ లేదు. ఎవరూ దొంగతనం చేయలేదు. గట్టి ఆధారం ఎదురుగా లేకపోతే పేరు ఇలాగే జారిపోతుంది.

మన వాట్సాప్ కాలంలో ఇది ఒక్క రాత్రిలో అయిపోతుంది.

మరి మనం చెక్కాల్సిన రాయి ఏది?

నేను కొన్ని నెలలు తిరిగి, అడిగి, తప్పులు చేసి నేర్చుకున్నవి చెప్తున్నాను. నేను లాయర్ని కాదు. గొడవ దాకా వస్తే లాయర్ని కలవండి.

మొదటి సంగతి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసిన క్షణమే హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేస్తేనే హక్కు వస్తుందని కాదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. మరి ఎందుకు చేయించాలి? రేపు ఎవరైనా రుజువేంటి అని అడిగితే, రిజిస్టర్‌లో ఉన్న వివరాల్ని కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. అది తప్పని అవతలి వాళ్ళు నిరూపించుకోవాలి. జినవల్లభుడు రాయించకపోయినా పంపడు కవే. రాయించాడు కాబట్టి వెయ్యేళ్ళ తర్వాత వాదించే పని తప్పింది.

రెండో సంగతి. పాట ఒకటే అనిపిస్తుంది కానీ చట్టం దృష్టిలో మూడు వస్తువులు. మాటలు సాహిత్య కృతి, అది రాసినవాడిది. బాణీ సంగీత కృతి, అది కట్టినవాడిది. స్టూడియోలో చేసిన రికార్డింగు మూడోది, అది సాధారణంగా డబ్బు పెట్టి చేయించిన నిర్మాతది. నేను మొదట అంతా నా పేరు మీదే పెట్టబోయాను. జగిత్యాల దోస్తు ఏమీ అనలేదు గానీ, నాకు జరిగిందే నేను వాడికి చేస్తున్నానని ఆ రాత్రి తట్టింది. మర్నాడు ఫోన్ చేసి సారీ చెప్పాను. మాటలు నా పేరు మీద, స్వరం వాడి పేరు మీద పెట్టాం. ఇప్పుడు బాణీకి వాడు స్వరాలు రాసి పెట్టుకుంటున్నాడు, ఎందుకంటే సంగీత కృతికి అదే గట్టి ఆధారం.

మూడో సంగతి. మన వైపు భక్తి పాటల్లో చాలా వాటికి బాణీలు పాతవి. ఒగ్గు కథ నుంచి, బతుకమ్మ పాట నుంచి, భజన నుంచి వచ్చినవి. అవి ఊరి సొత్తు. వాటిని నావని రిజిస్టర్ చేసుకోవడం పెద్ద తప్పు. మాటలు నావి, వరస సంప్రదాయం అని నిజం చెప్పాలి. నా రెండో పాటకు నేను అలాగే చేశాను. అందులో సిగ్గేమీ లేదు. కథ వ్యాసుడిదని ఒప్పుకుంటే పంపడు తక్కువైపోయాడా?

నాలుగోది, పని ఎలా జరుగుతుంది. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైటులో ఖాతా తెరిచి ఫారం 14 నింపాలి. సాహిత్యానికి, సంగీతానికి ఒక్కో కృతికి ఫీజు 500 రూపాయలు. సౌండ్ రికార్డింగుకు 2000. పాట ప్రతి జత చేయాలి. ఇంకొకరి భాగం ఉంటే వాళ్ళ సమ్మతి పత్రం పెట్టాలి. అప్లై చేయగానే డైరీ నంబర్ వస్తుంది. ఆ తర్వాత 30 రోజులు ఆగుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి. అది దాటాక అధికారులు పరిశీలిస్తారు. లోపాలుంటే ఉత్తరం వస్తుంది, జవాబు ఇవ్వాలి. నాకు ఒకసారి వచ్చింది. పాట పేరు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా రాశాను. దిద్ది పంపించాను. అన్నీ కుదిరాక సర్టిఫికెట్ వస్తుంది. తొందరపడే వాళ్ళకు ఇది కాస్త ఓపిక పరీక్షే.

ఐదోది, సంతకాల విషయం. ఎవరైనా మీ పాట తీసుకుంటామంటే నోటి మాట మీద ఇవ్వకండి. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే అది కాగితం మీద, సంతకంతోనే చెల్లుతుంది. ఎన్నేళ్ళకు అని రాయకపోతే ఐదేళ్ళకే అని చట్టం అనుకుంటుంది. ఎక్కడ వరకు అని రాయకపోతే మన దేశం వరకే. 2012లో చట్టం మారాక, పాట రికార్డింగులో వాడుకున్నప్పుడు రచయితకు, స్వరకర్తకు వచ్చే రాయల్టీ వాటాను మొత్తంగా రాయించుకోవడానికి వీల్లేదు. అన్ని హక్కులూ శాశ్వతంగా అని ఉన్న కాగితం కనపడితే, పెన్ను పక్కన పెట్టి ఒక రోజు అడగండి.

ఆరోది నాకు అన్నిటికంటే దగ్గరిది. అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. తన గౌరవం దెబ్బతినేలా రచనను నరికితే, వంకర చేస్తే అడ్డుకునే హక్కు కూడా ఉంటుంది. బాపమ్మ చరణం తీసేయడం నాకు ఎందుకంత నొప్పి అనిపించిందో ఈ సెక్షన్ చదివాకే నాకే అర్థమైంది. ఆ నొప్పికి చట్టంలో కూడా ఒక చోటు ఉంది.

పేరు పెట్టుకోవడం అహంకారమా?

ఇది అసలు ప్రశ్న. భక్తి పాట కదా, ఇచ్చింది స్వామి కదా, మధ్యలో నీ పేరెందుకు అని పెద్దవాళ్ళు అడుగుతారు. నేనూ చాలా రోజులు ఇలాగే అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, కాగితాల పని బద్ధకం అనిపించినప్పుడు ఈ మాట చాటున దాక్కున్నాను.

ధర్మపురిలో సుమారు 200 ఏళ్ళ కింద శేషప్ప కవి ఉండేవాడు. నరసింహ శతకం ఆయనదే. తనకు ఛందస్సు లక్షణాలు తెలియవని, కావ్యాలు, నిఘంటువులు చదవలేదని, రాయించేది స్వామి దయే గానీ తన ప్రజ్ఞ కాదని శతకం మొదట్లోనే ఒప్పుకున్నాడు. అంతకంటే వినయం ఉంటుందా? అదే శేషప్ప ప్రతి పద్యం చివర ధర్మపురి పేరు వచ్చేలా మకుటం పెట్టాడు. ఆ పద్యాలు ఏ ఊరి బడిలో చదివినా, ఎవరు పాడినా, అవి గోదారి ఒడ్డున పుట్టాయని వాటంతట అవే చెప్తాయి. ప్రజ్ఞ నాది కాదనడం వినయం. ఎక్కడ పుట్టిందో చెరిగిపోకుండా చూడటం బాధ్యత. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

జినవల్లభుడు కూడా ముందు దేవతల్ని చెక్కించాడు. అన్న పేరు ఆ దేవతల దగ్గరే, అదే బండ మీద ఉంది. పూజ ఒక చోట, పేరు ఒక చోట అని విడదీయలేదు.

పాటను అందరూ ఊరికే పాడుకోవాలని మీకు అనిపిస్తే చాలా మంచిది. అలాగే ప్రకటించండి. నా కోడె పాటను జాతరలో, భజనలో, ఇంట్లో ఎవరైనా పాడుకోవచ్చు, నాకు రూపాయి వద్దు. కానీ ఊరికే ఇవ్వాలన్నా ముందు అది నీదని తెలియాలి కదా. నీది కానిదాన్ని నువ్వు దానం చేయలేవు.

చివరికి ఏమైంది

పాట కథ ఎలా ముగిసిందని అడుగుతారు. సినిమాలోలాగా కాలేదు. ఆ వీడియో ఇంకా ఉంది. వేరే పేరే ఉంది. నోటుబుక్కు, దోస్తు ఫోన్లో దొరికిన పాత రికార్డింగు పెట్టి ఉత్తరం రాశాను, జవాబు కోసం చూస్తున్నాను. ఒకసారి వేములవాడలో మెట్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ ఆ పాటే కూనిరాగం తీస్తుంటే విన్నాను. రెండు చరణాలే పాడింది. ఆమెకు మూడోది తెలియదు. కోపం రాలేదు. పక్కన కూర్చుని మూడో చరణం మెల్లగా పాడాను. ఆమె విని, ఎవరమ్మ ఈ తల్లి అని అడిగింది. మా బాపమ్మ అని చెప్పాను.

బాపమ్మ ఇప్పుడు లేదు. సర్టిఫికెట్ వచ్చిన రోజు దాన్ని ఆమె ఫొటో కింద పెట్టాను. అందులో పైన కనిపించేది నా పేరే. కానీ దాని వెనక, ఆఫీసుకు పంపిన ప్రతిలో, మూడు చరణాలూ పూర్తిగా ఉన్నాయి. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఆ హక్కు నిలుస్తుంది. వెయ్యేళ్ళు నిలిచే రాయి కాదది. మా ఇంటికి చాలు.

బాపు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. బట్ట మీద నేసినవాడి పేరు ఉండదన్న మాట మళ్ళీ అనలేదు.

కరీంనగర్ నుంచి జగిత్యాల, కొండగట్టు వైపు వెళ్ళే వాళ్ళు గంగాధర దగ్గర ఒక గంట ఆగండి. బొమ్మలగుట్ట ఎక్కి ఆ అక్షరాలు చూడండి. చేత్తో రుద్దకండి, పసుపు కుంకుమ పూయకండి, పేర్లు గీకకండి. అక్కడ రాయాల్సిన పేర్లు ఎప్పుడో రాసేశారు. ఇంటికి వచ్చాక మీ పాటల పుస్తకం తీసి, ప్రతి పాట కింద తేదీ, మీ పేరు, బాణీ కట్టినవారి పేరు రాయండి. పని అక్కడి నుంచే మొదలవుతుంది.

రాజన్న అందరినీ చల్లగా చూడాలి. మళ్ళీ కలుద్దాం.